బురద పూసిన విమానం

కోవెంట్రీలో ఎవరింట్లో పుట్టినరోజు భోజనాలకు వెళ్ళినా, మాస్టర్స్ పూర్తయి ఉద్యోగం కోసం తిరుగుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నన్ను పట్టుకుని ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నా, ఏరోనాటికల్ చదివావు, లైసెన్సు పరీక్షలన్నీ రాశావు, విమానాల మీద పని చేశావు. చివరికి కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగంలో ఎందుకు చేరావు?" నేను జవాబు మొదలుపెట్టేలోగా బిర్యానీ వస్తుంది. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీద అడిగినవాళ్ళకు ఇది పంపిస్తాను.

నేనేమీ రిటైర్ కాలేదు. ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు. ఒక్క పని నుంచి మాత్రం పూర్తిగా రిటైరయ్యాను. టీవీవాళ్ళకు విమానం సిద్ధం చేసి ఇచ్చే పని. దానికి మళ్ళీ పిలిస్తే ఫోను కూడా ఎత్తను.

నాటింగ్‌హామ్ దాటి పొలాల మధ్య సన్నదారుల్లో వెళ్తే ఒక గడ్డి రన్‌వే, రెండు షెడ్లు, ఒక టీ కొట్టు వస్తాయి. షెడ్లలో ఒకటి మా వర్క్‌షాప్. చిన్న విమానాలు బాగుచేసేవాళ్ళం. యజమాని ఒక పెద్ద వయసు ఇంగ్లీషాయన, ఆయన తర్వాత నేను. మా దగ్గర ఒక పాత నాలుగు సీట్ల విమానం ఉండేది. రెక్కలు తల మీదుగా, టైర్లు లావుగా, ఇసుకలోనూ రాళ్ళలోనూ దిగగలిగే రకం. దాన్ని ఒక టీవీ కంపెనీ ఒక సీజనుకు అద్దెకు తీసుకుంది. బీమావాళ్ళు పెట్టిన షరతు ఒకటే. రోజూ పొద్దున మా వర్క్‌షాప్ మనిషి విమానం మొత్తం చూసి సంతకం పెట్టాలి, అప్పుడే అది నేల విడవాలి. ఆ మనిషిగా నన్ను పెట్టారు.

"నీకు జాబితాలు ఇష్టం కదా, ఈ పని నీకు సరిపోతుంది" అన్నాడు యజమాని. ఇష్టమే. అప్పటికి ఇష్టమే.

ఇక ఆ విమానం నడిపే ఆవిడ సంగతి. సముద్రం అవతల, మంచు కురిసే ఉత్తరాన, రోడ్లే లేని అడవుల్లో చిన్న విమానమే బస్సు, అదే అంబులెన్సు, అదే కిరాణా బండి. నది ఒడ్డు ఇసుక మీదా గడ్డకట్టిన చెరువు మీదా విమానం దింపే అక్కడి వాళ్ళను బుష్ పైలట్లు అంటారు. ఆవిడ తాత, తండ్రి, ఇద్దరు అన్నలు అందరిదీ అదే వృత్తి. ఆవిడ చిన్నప్పుడే ఆ కుటుంబం మీద ఒక టీవీ కార్యక్రమం మొదలై ఏళ్ళ తరబడి సాగింది. అందులో అన్నలిద్దరూ వీరులు, ఆవిడ నవ్వులాట. విమానంలోకి కుక్కను ఎక్కించి దింపడం మర్చిపోయే పిల్ల, సరుకుల మూట మీద నిద్రపోయి తిట్లు తినే పిల్ల. పెద్దయ్యాక బ్రిటన్ వచ్చి, ఇక్కడి రియాలిటీ షోల్లో అరిచి, అలిగి, ఏడ్చి పేరు తెచ్చుకుంది. అయితే ఎవరికీ చెప్పకుండా ఇక్కడే పైలట్ లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ సంగతి బయటపడగానే మా కార్యక్రమం పుట్టింది. అడవి పిల్ల బ్రిటన్‌లోని మారుమూల రన్‌వేల మీద దిగుతుంది, ఊళ్ళవాళ్ళతో మాట్లాడుతుంది, మధ్యలో విమానం పాడైతే తనే బాగుచేసుకుంటుంది.

ఆ చివరి ముక్కతోనే నా ప్రాణం పోయింది.

ఆవిడ ఎడమ చేతికి వెండి రంగు టేపు చుట్ట ఒకటి గాజులా వేలాడుతూ ఉండేది. ఏది కదిలినా, ఏది కిర్రుమన్నా చర్రున టేపు చింపి అంటించేసేది. "మా ఇంట్లో ఇంజన్ తప్ప అన్నీ దీనితోనే నిలబడ్డాయి" అని మొదటి రోజే గర్వంగా చెప్పింది. (వీళ్ళంతా మాట్లాడింది ఇంగ్లీషే. కోపంలో విన్న మాటలు నాకు తెలుగులోనే గుర్తుంటాయి.) ఈ దేశంలో అలా కుదరదు. లైసెన్సున్న మనిషి చూసి బాగుచేయని ప్రతి చోటూ విమానానికి ఒక లోపమే. అందుకని కెమెరా ముందు ఆవిడ బాగుచేసేది, కెమెరా వెళ్ళాక ఆ టేపంతా పీకి, జిగురు తుడిచి, నేను మళ్ళీ బాగుచేసేవాణ్ణి. చేసేది ఆవిడ, చప్పట్లు ఆవిడకు, జిగురు నాకు.

రెండో తలనొప్పి బురద. విమానం మరీ శుభ్రంగా ఉందని, అడవి నుంచి వచ్చినట్టు లేదని డైరెక్టర్‌కు అనిపించింది. దానికోసం ఆర్ట్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక కుర్రవాణ్ణి పెట్టారు. తీరా చూస్తే కరీంనగర్ అబ్బాయి. నాటింగ్‌హామ్‌లో సెట్ డిజైన్ చదివి, ఇదే మొదటి ఉద్యోగంగా చేరాడు. రోజూ పొద్దున బకెట్లో ఎర్రమట్టి, గోధుమ రంగు పొడి, ఏదో జిగురు కలిపి స్ప్రే గన్నుతో విమానానికి బురద కొట్టేవాడు. రోజూ సాయంత్రం నేను కడిగేవాణ్ణి. అతనికి నేను పెట్టిన పేరు బురద. అతను పలికేవాడు కూడా.

ఒకరోజు రెక్క కింద, గాలి ఒత్తిడి కొలిచే సన్నటి రంధ్రం మీద బురద కనిపించింది. అది మూసుకుంటే లోపల ఎత్తు చూపే మీటరు అబద్ధం చెబుతుంది.

"ఏరా, ఇక్కడ కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఎర్ర సున్నా గీసి మరీ చూపించాను కదా!"

"గా ఎర్ర సున్న షాట్‌ల కొట్టొచ్చినట్టు కనవడ్తుందన్నా. అందుకే దాని మీద జెర్ర కొట్టిన."

"సున్నా గీసిందే దాని మీద కొట్టకూడదని!"

"నువ్వు గుంటూరోళ్ళ లెక్క ఒర్రకు అన్నా. అందరు చూస్తున్నరు."

"నాది తెనాలి. వాళ్ళకు తెలుగు రాదు, ఎంతైనా అరుస్తాను."

మేమిద్దరం తిట్టుకుంటుంటే టీవీవాళ్ళు మా భాష బాగుందని మెచ్చుకునేవాళ్ళు. ఒకసారి సౌండు మనిషి అదంతా రికార్డు కూడా చేసుకున్నాడు, అడవి వాతావరణానికి పనికొస్తుందని.

మూడోది అన్నిటికన్నా ఘోరం. అందులో నా చెయ్యి కూడా ఉంది. మొదటి ఎపిసోడు తీశాక డైరెక్టర్ నన్ను టీ కొట్టుకు పిలిచి, "అన్నీ సవ్యంగా నడుస్తుంటే చూసేవాడు ఎవడు? రోజుకొకటి చిన్నగా పాడుచెయ్యగలవా?" అన్నాడు. కుదరదన్నాను. అయితే మేమే ఏదో ఒకటి చేసుకుంటాం అన్నాడు. బురద బకెట్టు పట్టుకున్న చేతులు విమానం లోపల కూడా పెడితే ఏమవుతుందో ఊహించుకుని, అంతకన్నా నేనే చేయడం క్షేమం అనుకున్నాను. ప్రమాదం లేని లోపాలు కొన్ని ఎంచి ఇచ్చాను. లైటు వైరు వదులు చేయడం, తోక చక్రంలో గాలి కొంచెం తీయడం, అలాంటివి. స్టీరింగు, బ్రేకులు, పెట్రోలు ట్యాంకులు మాత్రం ఎవరూ ముట్టకూడదు. చేసిన లోపాన్ని అదే రోజు నేనే సరిచేస్తాను. ఆవిడకు ముందుగా చెప్పకూడదన్నది డైరెక్టర్ నియమం. మొహంలో ఆశ్చర్యం నిజంగా రావాలట.

పెట్రోలులో నీళ్ళు అన్నది ఆ లోపాల్లో ఒకటి. రోజూ పొద్దున రెక్క కింద చిన్న మర నొక్కి, పెట్రోలు కొంచెం గ్లాసులోకి తీసి చూడాలి. మా పెట్రోలు లేత నీలం రంగు. నీళ్ళు కలిస్తే గ్లాసు అడుగున రంగు లేని బుడగలా విడిగా నిలుస్తాయి. అవి ఇంజన్‌లోకి వెళ్తే గాల్లో ఉండగా ఇంజన్ ఆగిపోవచ్చు. ట్యాంకులో నీళ్ళు పోసేంత పిచ్చి నాకు లేదు కనుక, ఆ రోజు ఆవిడకిచ్చే గ్లాసులోనే ముందుగా రెండు చెంచాల నీళ్ళు పోసి ఉంచాను. ఆవిడ పెట్రోలు తీసి, బుడగ చూసి, బిత్తరపోయి, కెమెరా వైపు చూసి బూతు మాట అంది. డైరెక్టర్‌కు పండగ.

అది నా పనేనని తర్వాత తెలిసిపోయి, ఆవిడకు నా మీద నమ్మకం పోయింది. రోజూ పొద్దున నాకు గుడ్ మార్నింగ్‌కు బదులు, "ఇంజనీర్, ఇవాళ ఏం పాడుచేశావు?" అని అడిగేది. జవాబు చెప్పకూడదని నాకు ఆజ్ఞ. కాగితాలు చూసుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వాన వల్ల షూటింగ్ ఆగింది. అందరూ వ్యాన్లలో దూరారు. షెడ్డులో ఆవిడ విమానం టైరు మీద కూర్చుని చిప్స్ తింటోంది. నేను ఆవిడ అంటించిన టేపు పీకుతున్నాను.

"చివరి ఎపిసోడుకు మా నాన్న వస్తున్నాడు" అంది ఉన్నట్టుండి. "నేను నడిపే విమానం ఆయన ఇంతవరకు ఎక్కలేదు, తెలుసా?"

"అడగలేదా?"

"ఎన్నిసార్లో. చూద్దాంలే అంటాడు. అన్నలు నడిపితే మాత్రం వెనక సీట్లో పడి నిద్రపోతాడు. ఒకసారి మంచు తుఫానులో కూడా గురక పెట్టాడు. నేను కారు నడిపినా సరే, పైనున్న పిడి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటాడు. కారు, ఇంజనీర్! సూపర్ మార్కెట్‌కు వెళ్తుంటే!"

నవ్వబోయి ఆగాను. ఆవిడ నవ్వడం లేదు.

"వేల్స్‌లో కొండ మీద రన్‌వేకు ఆయన్ను తీసుకెళ్తాను. ఆ ఒక్క రోజు కోసమే ఈ కార్యక్రమానికి ఒప్పుకున్నాను. ఆ రోజు నువ్వు ఏదీ పాడుచెయ్యకు. డైరెక్టర్ ఏం చెప్పినా సరే."

"చెయ్యను" అన్నాను.

"మాట ఇస్తావా?"

"ఇచ్చాను. మీరు కూడా ఆ రోజు టేపు అంటించకండి."

"అది మాత్రం కుదరదు" అంది.

ఆవిడ తండ్రి, ఆ పెద్దాయన, చివరి షూటింగుకు ముందు రోజు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళు పట్టేసిన మనిషి. విమానం చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగి, రెక్క మీద వేలితో గీసి చూశాడు.

"ఈ బురద ఎక్కడిది?" అని అడిగాడు నన్ను.

"బకెట్లోది."

ఆయన ఆ వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మా దగ్గర పొద్దున లేవగానే మొదట చేసేది బురద కడగడం" అన్నాడు. "బరువు పెరుగుతుంది కదా."

నేను బురద వైపు చూశాను. వాడు స్ప్రే గన్ను వీపు వెనక దాచుకున్నాడు.

ఆ సాయంత్రం ట్యాంకులు నింపి, మూతలు బిగించి ఇంటికి వెళ్ళాను. రాత్రంతా వాన. తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నేను వెళ్ళేసరికే కెమెరాలు సర్దేసి ఉన్నాయి. పెద్దాయన గళ్ళ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఆవిడ ఆ రోజు నన్నేమీ అడగలేదు. నవ్వి ఊరుకుంది.

మామూలుగానే పెట్రోలు తీసే షాటుతో మొదలుపెట్టారు. ఆవిడ రెక్క కింద వంగి మర నొక్కి, గ్లాసు వెలుగుకు ఎత్తింది. అడుగున రంగు లేని బుడగ. చిన్నది కూడా కాదు, గోలీ అంత ఉంది.

ఆవిడ గ్లాసు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తొస్తుంది.

"ఇవాళ కూడానా?" అంది, చాలా మెల్లగా.

"నేను కాదు" అన్నాను.

డైరెక్టర్ చిరాకుగా దగ్గరికి వచ్చాడు. "నీళ్ళది మనం ముందే వాడేశాం కదా. వేరేదేదైనా చేసి ఉండాల్సింది."

"నేను చెయ్యలేదంటున్నాను."

"బాగా నటిస్తున్నావు" అని కన్ను కొట్టాడు.

"నాకు నటన రాదు! ట్యాంకులో నిజంగా నీళ్ళున్నాయి!"

"అరే, ఇదే మొహం ఇంకోసారి పెట్టు. ఇటు తిరిగి."

కెమెరా నా మీదకు తిరిగింది. జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. అంత అబద్ధంలా ఎప్పుడూ వినిపించలేదు. ఒక సీజనంతా రోజుకొక లోపం పుట్టించినవాణ్ణి. ఇప్పుడు లోపం తనంతట తానే వస్తే నన్నెవరు నమ్ముతారు?

ఆవిడ నన్ను షెడ్డు పక్కకు లాక్కెళ్ళింది. "నన్ను ఎన్నిసార్లు వెధవను చేసినా పడ్డాను. అది నా ఉద్యోగం. ఇవాళ మా నాన్న చూస్తున్నాడు. మాట ఇచ్చావు!"

"మాట మీదే ఉన్నాను. నేను సంతకం పెట్టను. ఇవాళ ఇది ఎగరదు."

ఈలోపు డైరెక్టర్ మా యజమానికి ఫోను చేశాడు. ఆయన అవతలి నుంచి, నీళ్ళు పోయేదాకా పెట్రోలు తీసేయమనండి, శుభ్రంగా వస్తే, పైలట్‌కు అభ్యంతరం లేకపోతే, నేను వచ్చి చూసి సంతకం పెడతాను, అరగంట ఆగండి అన్నాడట. అంటే నా సంతకం అక్కర్లేదు. డైరెక్టర్ ఫోను జేబులో పెట్టుకుని నా వైపు జాలిగా చూశాడు.

పెట్రోలు తీశాను. మళ్ళీ తీశాను. నీళ్ళు తగ్గుతూ వచ్చి, చివరికి గ్లాసు మొత్తం నీలంగా నిలిచింది. యూనిట్ చప్పట్లు కొట్టింది.

"ఆగండి" అన్నాను. "నీళ్ళు ట్యాంకు మూలల్లో దాక్కుంటాయి. రెక్కలు ఊపి, కాసేపు ఆగి, మళ్ళీ చూడాలి."

"ఈ కుర్రాడు ఎప్పటికీ ఇంతే" అన్నాడు డైరెక్టర్ గాలిలోకి చూస్తూ. అయినా ఆ రెక్క చివర ఒకరు, ఈ రెక్క చివర నేను పట్టుకుని ఊపాం. కాసేపు ఆగాం. నేను గ్లాసు చేతిలోకి తీసుకుని, మళ్ళీ దించేశాను. ఆవిడకు చెప్పాను.

"మేం పెట్టిన దొంగ నీళ్ళు గ్లాసులోనే ఉండేవి. ట్యాంకులో నేనెప్పుడూ పొయ్యలేదు. టీ కొట్టుకు వెళ్ళి మీరే ఒక గ్లాసు కడిగి, తుడిచి తెచ్చుకోండి. మీరే తీయండి. నేను కంచె దగ్గర నిలబడతాను."

ఆవిడ టీ కొట్టు వైపు నడిచింది. ఆవిడ వెనకే కెమెరా పరిగెత్తింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. ఆవిడ టీ కొట్టు నుంచి పొడవాటి గ్లాసు తెచ్చింది. దాన్ని చొక్కా అంచుతో లోపల మళ్ళీ తుడిచింది. బోర్లించి చూసింది. తర్వాత రెక్క కింద మోకాళ్ళ మీద కూర్చుని మర నొక్కింది. ఎండకు ఎత్తింది.

కంచె దగ్గర నుంచి నాకు బుడగ కనిపించలేదు. ఆవిడ భుజాలు దిగిపోవడం కనిపించింది.

దగ్గరికి వెళ్ళేసరికి పెద్దాయన కూడా వంగి గ్లాసు చూస్తున్నాడు. "మా దగ్గరైతే పెట్రోలు తోలుగుడ్డలో వడపోసుకుని పోయేవాళ్ళం" అన్నాడు.

"అది వచ్చిందా? తీశావా?" అని డైరెక్టర్ కెమెరా మనిషిని గుసగుసగా అడిగాడు.

ఆవిడ లేచి నిలబడింది. "అప్పుడు నువ్వు నడిపావు నాన్నా. ఇవాళ నేను నడుపుతున్నాను. నేను వెళ్ళను."

పెద్దాయన ఆవిడ మొహంలోకి చూశాడు. "సరే" అన్నాడు. టోపీ సర్దుకుని టీ కొట్టు వైపు నడిచాడు. ఆ సరేలో కోపముందో, నిరాశ ఉందో, ఇంకేముందో ఎవరికీ అందలేదు. ఆవిడకు అసలే అందలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రోజు కాళ్ళ దగ్గర పగిలినట్టు నిలబడిపోయింది.

"ఆ చివరి మాట ఇంకోసారి అంటావా?" అన్నాడు డైరెక్టర్. "కొంచెం కళ్ళలో నీళ్ళతో?"

ఆవిడ చొక్కాకున్న మైకు పీకి ఆయన కోటు జేబులో వేసి వెళ్ళిపోయింది.

నేను నిచ్చెన వేసుకుని రెక్క ఎక్కాను. ట్యాంకు మూత విప్పాను. మూత లోపల, వాన నీళ్ళు దిగకుండా, రబ్బరు వాషరు ఉండాలి. కుక్కరు మూతకు గ్యాస్కెట్ ఎలాగో దీనికిది అలాగ. అది లేదు. రెండో రెక్క మూతకూ లేదు. మూతల మీద మాత్రం తుప్పు రంగు అందంగా వేసి ఉంది.

"బురదా!" అని అరిచాను. అడుగు కదపకుండానే వాడికి అర్థమైపోయింది.

"నిన్న నువ్వు పొయినంక పై నుంచి డ్రోన్ షాట్ ఉండె అన్నా. మూతలు కొత్తగ మెరుస్తున్నయన్నరు. విప్పి, రంగేసిన. ఆ రబ్బరుకు రంగంటుతలేదు. తీసి పక్కకు పెట్టిన."

"తర్వాత?"

"వాన మొదలైంది. జెల్ది బిగించి ఉర్కిన." జేబులోంచి రెండు వాషర్లు తీసి అరచేతిలో చూపించాడు.

"ఇంట్లో మీ అమ్మ కుక్కరుకు గ్యాస్కెట్ తీసేస్తే ఏమవుతుందిరా?"

"విజిల్ రాదన్నా."

"ఇక్కడ ఇంజన్ రాదు. గాల్లో ఉండగా."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా నౌకరి పోతదా?"

"పోవాలి" అన్నాను. నిజంగానే అన్నాను.

వాడు నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడక్కముందే మొత్తం చెప్పేశాడు. డైరెక్టర్ తన చిన్న తెర మీద నుంచి కళ్ళెత్తలేదు. "నువ్వు వాషరు తీయడం ఏ కెమెరాలోనైనా పడిందా? లేదా? అయితే వదిలేయ్" అన్నాడు. అంతే. అంతటితో విచారణ ముగిసింది. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన పొరపాటు, తెర మీద లేదు కనుక జరగనే లేదు. నాకు తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

యజమాని వచ్చాడు, మూత చూశాడు, గ్లాసు చూశాడు, "టీ తాగుదాం పద" అన్నాడు. ఆయన దగ్గర నేను పొందిన అతి పెద్ద ప్రశంస అదే.

మళ్ళీ ఒక రోజు తీయడానికి కంపెనీ ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నమే విమానాన్ని గడ్డి మీద నిలబెట్టి, ఆవిడకు ఒప్పందం గుర్తుచేసి వెనక్కి రప్పించి, తండ్రీకూతుళ్ళను లోపల కూర్చోబెట్టి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, నన్నూ బురదనూ చెరొక రెక్క ఊపమన్నారు. పొద్దున నీళ్ళ కోసం ఊపిన రెక్కనే ఇప్పుడు ఆకాశం కోసం ఊపాను. ప్రసారమైన ఎపిసోడులో ఆవిడ పెట్రోలులో నీళ్ళు కనిపెడుతుంది, ఒక టేపు ముక్కతో సమస్య తీర్చేస్తుంది, తండ్రితో వేల్స్ కొండల మీదుగా ఎగురుతుంది. పెద్దాయన కిటికీలోంచి చూస్తూ కళ్ళు తుడుచుకుంటాడు. చూసినవాళ్ళంతా కరిగిపోయారట. ఆయన కళ్ళలో పడింది ఫ్యాన్ ఎగరేసిన మట్టి. బకెట్లోది.

రెండో సీజను కోసం పిలిచినప్పుడు, "ఈసారి లోపాలు ఇంకొంచెం పెద్దవి ఆలోచించు" అన్నారు. నేను కోవెంట్రీలో బ్రేకుల ఉద్యోగానికి అప్లై చేశాను. మీ ప్రశ్నకు జవాబు ఇదే. ఇక్కడ లోపం కనబడితే అది లోపమే అని అందరూ నమ్ముతారు. ఆ సుఖం తెలియాలంటే నాలాంటి సీజను ఒకటి గడపాలి.

ఎపిసోడులో లేనిది ఒకటి మిగిలింది.

షూటింగువాళ్ళు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, వాషర్లు కొత్తవి వేసి, కొత్త పెట్రోలు పోశాను. బురద కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. బకెట్లు తీసుకెళ్ళడానికన్నాడు. కానీ పైపు తీసుకుని విమానం కడగడం మొదలుపెట్టాడు. తను కొట్టిందంతా తనే, చక్రాల మధ్య కూడా, పాత టూత్ బ్రష్షుతో. నేను పక్కన నిలబడి ఎక్కడ మిగిలిందో చూపిస్తూ పోయాను. ఆ సీజను మొత్తంలో నాకు హాయిగా గడిచిన సమయం అదొక్కటే.

కొంచెం పొద్దెక్కాక ఆవిడ తండ్రిని కారులో తీసుకొచ్చింది. ఆ సాయంత్రమే మాంచెస్టర్ నుంచి ఆయన తిరుగు ప్రయాణం. కారు దిగేటప్పుడు చూశాను, ఆయన చెయ్యి ఇంకా పైనున్న పిడి మీదే ఉంది.

"ఇంజనీర్, ఇవాళ ఏం పాడుచేశావు?" అంది ఆవిడ.

"ఏమీ లేదు."

"గ్లాసు?"

"టీ కొట్టు గ్లాసే. మీరే కడుక్కోండి."

కడుక్కుంది. తీసింది. నీలంగా, గాజంత తేటగా ఉంది. సంతకం పెట్టాను. వేల్స్ దాకా సమయం లేదు. ఊరికే చుట్టుపక్కల తిరిగి వస్తామన్నారు. పెద్దాయన ముందు సీటు ఎక్కి, బెల్టు పెట్టుకుని, పైన పిడి కోసం చెయ్యి చాచాడు. ఆ విమానానికి పిడి లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కెమెరా లేదు, డ్రోన్ లేదు, ఎవరూ ఇంకోసారి అనమనలేదు. విమానం గడ్డి మీద ఎగిరెగిరి పరిగెత్తి, తేలి, చెట్ల మీదుగా వెళ్ళిపోయింది.

మేమిద్దరం గడ్డి మీద కూర్చున్నాం. బురద గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఇంజన్ చప్పుడు మళ్ళీ వినబడేదాకా ఇద్దరం చెట్ల వైపే చూస్తూ ఉన్నాం.

మెత్తగా దింపింది. షెడ్డు ముందుకు వచ్చి ఇంజన్ ఆపింది. ఆవిడ వైపు తలుపు తెరుచుకుంది కానీ పెద్దాయన వైపు తలుపు తెరుచుకోలేదు. చూస్తే, ఆ తలుపు గొళ్ళెం చుట్టూ వెండి టేపు. బయల్దేరేముందు కిర్రుమందని లోపల నుంచి అంటించిందట. నేను సంతకం పెట్టిన తర్వాత! ఒళ్ళు మండిపోయింది. గబగబా దగ్గరికి వెళ్ళాను, ఈసారి మొత్తం చెప్పేద్దామని.

ఆవిడ పెదవుల మీద వేలు పెట్టి నన్ను ఆపింది.

పెద్దాయన తల కిటికీకి ఆనించి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చేతులు ఒళ్ళో వదులుగా పడి ఉన్నాయి. గురక సన్నగా వినబడుతోంది.

"ఎక్కిన కాసేపటికే పడుకున్నాడు" అంది ఆవిడ గుసగుసగా. కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఒక్క ఊరు చూడలేదు, ఇంజనీర్. ఒక్క మాట మాట్లాడలేదు. మలుపు తిరిగినప్పుడు కూడా లేవలేదు."

"గింత దూరం వచ్చి పండుకున్నడా?" అన్నాడు బురద నా వెనక నుంచి.

"నువ్వు నోరు ముయ్యి" అన్నాను.

తలుపు తెరవాలంటే ఆ టేపు పీకాలి. పీకితే చర్రుమంటుంది. ఆ టేపు చప్పుడు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పనిముట్ల పెట్టె చప్పుడు కాకుండా కింద పెట్టి, ఆయన లేచేదాకా అక్కడే నిలబడ్డాను.